కంపాలాలో ఉద్యోగం వచ్చింది, కుటుంబంతో వెళ్ళాలి: ముందు ఏం చూసుకోవాలి?

సూర్యాపేట నుంచి

అందరికీ నమస్కారం. ఉగాండాలో, కంపాలాలో ఒక పైపుల కంపెనీలో నాకు అకౌంట్స్ ఉద్యోగం వచ్చింది. వచ్చే నెలాఖరుకి జాయిన్ అవ్వమంటున్నారు. నేను, మా ఆవిడ, ఎనిమిది నెలల పాప. పాపని చూసుకోవడానికి మా అమ్మ కూడా వస్తానంటోంది, ఆమెకి అరవై మూడేళ్ళు. కంపెనీవాళ్ళేమో "ముందు టూరిస్ట్ వీసా మీద వచ్చెయ్యండి, మిగతాది ఇక్కడ చూసుకుందాం" అన్నారు. బియ్యం, పప్పులు, పచ్చళ్ళు ఎన్ని కిలోలు తెచ్చుకోవాలి? కుక్కర్, మిక్సీ తేవాలా? ఎండలు ఎలా ఉంటాయి? అక్కడ మనవాళ్ళకి సేఫేనా? ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

కంపాలా, నగురు నుంచి

తమ్ముడూ, ముందుగా శుభాకాంక్షలు. పచ్చళ్ళ దాకా వెళ్ళావు గానీ ఎల్లో ఫీవర్ (దోమల ద్వారా వచ్చే వైరస్ జ్వరం) టీకా మాటే ఎత్తలేదు. నీ టికెట్ తేదీ తేల్చేది అదే, కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

ఉగాండాలో దిగాలంటే ఏడాది దాటిన ప్రతి ఒక్కరి దగ్గరా ఎల్లో ఫీవర్ కార్డు ఉండాలి. వీసాకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టేటప్పుడే దాన్ని స్కాన్ చేసి పెట్టమంటారు. అంటే టీకా ముందు, వీసా తర్వాత. పైగా టీకా వేయించుకున్న పది రోజులకి గానీ ఆ కార్డు చెల్లదు. వారం ముందు పరిగెత్తితే లాభం లేదు.

ఇది వీధి చివర క్లినిక్‌లో వేసే టీకా కాదు. ప్రభుత్వం గుర్తించిన సెంటర్లలోనే వేస్తారు. నీకు దగ్గరలో అంటే హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్). సీసా మూత తీశాక కొన్ని గంటల్లో వాడెయ్యాలి, మిగిలింది పారబొయ్యడమే. అందుకని ఫలానా రోజుల్లో, ఇంతమందికే అని పెట్టుకుంటారు. ముందే కనుక్కుని స్లాట్ తీసుకో, ఒరిజినల్ పాస్‌పోర్టులు పట్టుకెళ్ళు. పసుపు కార్డు చేతికి రాగానే జేబులో పెట్టేసుకోకు. పేరు స్పెల్లింగు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందా, పాస్‌పోర్టు నంబరు సరిగ్గా ఎక్కించారా, తేదీ, బ్యాచ్ నంబరు, సంతకం, ముద్ర అన్నీ ఉన్నాయా అని అక్కడే నిలబడి చూసుకో. ఒక అంకె తప్పుంటే అప్పటికప్పుడు దిద్దించుకోవచ్చు. ఎంటెబె ఎయిర్‌పోర్టులో దిగాక దిద్దేవాళ్ళు ఎవరూ ఉండరు.

తిరిగి వెళ్ళేటప్పుడూ ఆ కార్డుతో పని ఉంటుంది. ఉగాండా నుంచి ఇండియాలో దిగినవాళ్ళ దగ్గర అది లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. చెల్లెలి పెళ్ళికని లీవు పెట్టుకుని వెళ్ళి, ఆ లీవంతా క్వారంటైన్‌లో గడిపితే ఎలా ఉంటుందో ఊహించుకో. ఒక మంచి విషయం, 2016 జూలై నుంచి ఈ టీకా ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది.

ఇక నీ అసలు సమస్య పాప, అమ్మ. తొమ్మిది నెలలు నిండకుండా పిల్లలకి మామూలుగా ఈ టీకా వెయ్యరు. అదే వయసులో మన దగ్గర మీజిల్స్-రుబెల్లా టీకా కూడా పడుతుంది. రెండూ ప్రాణమున్న వైరస్‌ని బలహీనపరిచి తయారుచేసేవే. ఏది ముందు, మధ్యలో ఎంత ఎడం ఉండాలి అన్నది పిల్లల డాక్టర్ దగ్గర తేల్చుకో. అరవై దాటినవాళ్ళకి మొదటిసారి వేసినప్పుడు తీవ్రమైన ఇబ్బందులు వచ్చే రిస్కు చిన్నవాళ్ళకంటే ఎక్కువ. అరుదే, కానీ ఉంది. అమ్మ వాడుతున్న మందుల చీటీలన్నీ తీసుకెళ్ళి డాక్టర్‌కి చూపించు. కోడిగుడ్డు పడకపోయినా, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నా తప్పకుండా చెప్పాలి. ఆరోగ్య కారణాల వల్ల వెయ్యకూడదంటే మినహాయింపు పత్రం రాసిస్తారు. కానీ ఆ కాగితం కౌంటర్ దాటిస్తుందే తప్ప జబ్బుని ఆపదు.

నన్నడిగితే, ముందు నువ్వొక్కడివే రా. ఇల్లు చూసుకో. పాపకి టీకాలు పూర్తయ్యాక వాళ్ళు వస్తారు. మీ ఆవిడకి ఈ మాట నచ్చదని తెలుసు.

జింజా నుంచి

అక్క చెప్పినదానికి తిరుగు లేదు. నేను వీసా సంగతి ఒక్కటే చెప్తాను.

"టూరిస్ట్ వీసా మీద వచ్చెయ్యండి" అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది బ్రదర్. యాభై డాలర్లు కట్టి తెచ్చుకునే ఆ వీసా మీద ఉద్యోగం చెయ్యకూడదు. ఇమిగ్రేషన్‌వాళ్ళు ఫ్యాక్టరీకి తనిఖీకి వస్తే ఇరుక్కునేది నువ్వు, నిన్ను పిలిచిన మేనేజర్ కాదు. నీకు కావాల్సింది వర్క్ పర్మిట్. విదేశీ ఉద్యోగులకి ఇచ్చేదాన్ని ఇక్కడ జీ2 అంటారు. దరఖాస్తు కంపెనీ పెట్టాలి, ఖర్చు కూడా కంపెనీదే అని ఆఫర్ లెటర్‌లో రాయించుకో. అప్రూవల్ కాగితం కళ్ళతో చూశాకే టికెట్ కొను. ఇండియా నుంచి పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ కావాలి, పాస్‌పోర్ట్ సేవా ద్వారా ఇప్పుడే పెట్టేసెయ్. డిగ్రీ, మార్కుల మెమోలు, అనుభవ పత్రాలు ఒరిజినల్స్ చేతి బ్యాగులో ఉండాలి. పెళ్ళి సర్టిఫికెట్, పాప బర్త్ సర్టిఫికెట్ కూడా. అవి లేకుండా వాళ్ళకి డిపెండెంట్ పాస్, అంటే నీతో ఇక్కడ ఉండే అనుమతి, రాదు. ఆ పాస్ మీద మీ ఆవిడ ఇక్కడ ఉద్యోగం చెయ్యడానికి లేదు, ఆ ఆశ ఉంటే ముందే మాట్లాడుకోండి.

ఇంకొకటి. గల్ఫ్ వెళ్ళేవాళ్ళలో పదో తరగతి పాస్ కానివాళ్ళకి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అవసరం కదా, ఆ దేశాల జాబితాలో ఉగాండా లేదు. అది సుఖమే అనుకోకు. నీ కాంట్రాక్టుని ఇండియాలో ఏ ఆఫీసూ చూడదు, నువ్వే చూసుకోవాలి. జీతం డాలర్లలోనా, షిల్లింగుల్లోనా? చెప్పిన అంకె చేతికొచ్చేదా, పన్ను కొయ్యకముందుదా? అకౌంట్స్ మనిషివి కాబట్టి నీకు వివరంగా చెప్పక్కర్లేదు. ఇక్కడ నెలకి 4,10,000 షిల్లింగులు దాటిన సొమ్ము మీద 30 శాతం పన్ను, ఆపైన ఎన్‌ఎస్‌ఎస్‌ఎఫ్ (మన పీఎఫ్ లాంటిది) కింద నీ వంతు 5 శాతం, కంపెనీ వంతు 10 శాతం. డాలర్‌కి మూడున్నర వేల షిల్లింగుల పైమాటే. అంటే ఆ 4,10,000 చూడ్డానికి పెద్ద అంకె గానీ, నీ జీతంలో చాలావరకు 30 శాతంలోకే వస్తుంది. ఇంటి అద్దె, ఏడాదికోసారి టికెట్, కుటుంబానికి మెడికల్ ఇన్సూరెన్స్, వదిలి వెళ్ళేటప్పుడు ఎంత నోటీసు, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. పాస్‌పోర్ట్ "సేఫ్‌గా ఉంచుతాం" అని అడిగితే కాపీ ఇవ్వు, అసలుది ఇవ్వకు.

కంపాలా, ఓల్డ్ కంపాలా నుంచి

టీకా, పర్మిట్ ఓకే. కానీ ఇక ఎవరో ఒకరు మలేరియా అని మొదలుపెడతారు, అలా ఊరికే భయపెట్టకండి. మన ఊళ్ళో దోమలు లేవా? మనం చిన్నప్పట్నుంచీ దోమల్లోనే పెరిగాం. నేను వచ్చినప్పుడు ఏ టాబ్లెట్టూ వేసుకోలేదు, బాగానే ఉన్నాను.

కంపాలా, బుగోలోబి నుంచి

ఇక్కడ నర్సుగా పనిచేస్తున్నాను కాబట్టి పై అన్నయ్యకి గట్టిగానే సమాధానం చెప్పాలి. సూర్యాపేటలో దోమ కుట్టిందని ఉగాండా మలేరియాకి రక్షణ రాదండీ. ఇక్కడ దాదాపు అంతా ఫాల్సిపారమ్ రకమే, మెదడుకి ఎక్కేది అదే. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళకి పదే పదే వచ్చి కొంత తట్టుకునే శక్తి ఉంటుంది. మనకి అది సున్నా, ఎనిమిది నెలల పాపకి మరీనూ. మీకేమీ కాలేదంటే సంతోషం, కానీ దాన్ని పక్కవాళ్ళకి సలహాగా ఇవ్వకండి.

బాబూ, బయల్దేరే ముందే నివారణ మాత్రల గురించి డాక్టర్‌ని అడుగు. రోజూ వేసుకునేవి, వారానికోసారి వేసుకునేవి వేర్వేరు ఉన్నాయి, కొన్ని చిన్నపిల్లలకి పనికిరావు. ఏళ్ళ తరబడి ఉండేవాళ్ళలో చాలామంది వాటిని వేసుకోరన్నది నిజమే. కానీ వాళ్ళకి ఒక అలవాటు ఉంటుంది, జ్వరం తగలగానే, సాయంత్రం దాకా కూడా ఆగకుండా, రక్తపరీక్ష చేయించుకుంటారు. వేలి మీద చిన్న పోటు, పావుగంటలో ఫలితం. ఈ టెస్టు ఇక్కడ సందు సందుకీ దొరుకుతుంది, మందూ దొరుకుతుంది. ప్రాణం మీదకి వచ్చేది "జలుబు జ్వరంలే" అని పారాసిటమాల్ వేసుకుని మూడు రోజులు చూసేవాళ్ళకే.

సెలవుల్లో ఇండియా వెళ్ళాక జ్వరం వచ్చినా ఇదే గుర్తుంచుకోండి. అక్కడి డాక్టర్ డెంగీ అనో టైఫాయిడ్ అనో మొదలుపెడతాడు. "నేను ఉగాండా నుంచి వచ్చాను, మలేరియా టెస్ట్ చెయ్యండి" అని మీరే చెప్పాలి. మొదటి పరీక్షలో లేదని వచ్చి జ్వరం తగ్గకపోతే మళ్ళీ చేయించాలి.

మందు పట్టించిన దోమతెర ఇక్కడే కొనండి. పాప ఉయ్యాలకి వేరే తెర కావాలి. ఇల్లు చూసేటప్పుడు టైల్స్, మాడ్యులర్ కిచెన్ తర్వాత చూడొచ్చు, ముందు కిటికీలకి మెష్ ఉందో లేదో చూడండి.

ఎంటెబె నుంచి

అందరూ కలిసి తమ్ముణ్ణి బెదరగొట్టేశారు. వంటింటి సంగతి నేను చెప్తాను.

బియ్యం మొయ్యకు. కందిపప్పు, మినప్పప్పు, ఇంగువ, గోధుమపిండి, ఆవాలు అన్నీ దొరుకుతాయి. గుజరాతీవాళ్ళు నూరేళ్ళకి పైగా ఇక్కడ దుకాణాలు నడుపుతున్నారు మరి. సోనా మసూరి మాత్రం ఉన్నప్పుడు ఉంటుంది, లేనప్పుడు ఉండదు, ధర కూడా గట్టిగానే ఉంటుంది. కూరగాయలకి నకసేరో మార్కెట్‌కి వెళ్ళు. తోటకూరని ఇక్కడ డోడో అంటారు, కట్టలు కట్టలుగా అమ్ముతారు. పనసపండ్లకి, అరటికాయలకి కొదవే లేదు. అరటికాయని ఉడికించి మెత్తగా చేసి తినడమే వీళ్ళ ప్రధాన భోజనం, మటోకె అంటారు. ఇక గోంగూర! ఉత్తరాన అచోలీవాళ్ళు వండే మలక్వాంగ్ అనే పుల్లటి ఆకు మన గోంగూర జాతిదే. వాళ్ళు వేరుశనగ ముద్ద వేసి వండుతారు. నేను దాంతోనే పచ్చడి నూరుతాను, మా ఆయన గుంటూరు మనిషి, వంక పెట్టలేదు.

కాబట్టి సూట్‌కేసులో చోటు వేటికంటే: నిల్వ పచ్చళ్ళు (జిప్ కవర్లలో రెండు పొరలు), మంచి కారం, చింతపండు, కుక్కర్ గాస్కెట్లు, మీ మిక్సీ. కరెంటు 240 వోల్టులే కాబట్టి మిక్సీ నడుస్తుంది, కాకపోతే ప్లగ్గు బ్రిటిష్ తరహా చదరపు మూడు కాళ్ళది. అడాప్టర్లు ఇక్కడ చవకే. ఎండుకొబ్బరి చిప్పలు పెట్టకు, ఎయిర్‌పోర్టులో తీసేస్తారు. నైరోబిలో దిగి రెండు రోజులు ఉండే ఆలోచన ఉంటే మాత్రం ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు ఇంట్లోనే వదిలెయ్. కెన్యాలో 2017 నుంచి నిషేధం, జరిమానా చిన్నది కాదు.

ఎండల గురించి అడిగావు. సూర్యాపేట మేలో బతికినవాడివి, ఇక్కడ నీకు హాయి. భూమధ్యరేఖ పక్కనే ఉన్నా కంపాలా దాదాపు 1,200 మీటర్ల ఎత్తులో ఉంది. మా ఇంట్లో ఏసీ లేదు. పాపకి స్వెట్టర్, అందరికీ గొడుగు తెచ్చుకోండి. మార్చి నుంచి మే దాకా, మళ్ళీ సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా వానలు.

కంపాలా, నగురు నుంచి

సేఫ్టీ గురించి ఎవరూ చెప్పలేదు. రోజువారీ ప్రమాదం ఫోన్ లాక్కెళ్ళడం. ట్రాఫిక్‌లో కారు అద్దం దించి ఫోన్ మాట్లాడకు. బోడా, అంటే బైక్ టాక్సీ, యాప్‌లో పిలిచి హెల్మెట్ పెట్టుకునే ఎక్కు. పాపతో అసలు ఎక్కొద్దు. మిలిటరీవాళ్ళని, జింజాలో నైలు వంతెనని ఫోటోలు తియ్యకు. ఫేస్‌బుక్ 2021 జనవరి ఎన్నికలప్పటి నుంచి బ్లాక్‌లో ఉంది, ఇంట్లోవాళ్ళకి వాట్సాప్ అలవాటు చెయ్యి.

చరిత్ర కొంచెం తెలుసుకుని రా. 1972లో అప్పటి సైనిక పాలకుడు ఇదీ అమీన్ ఆసియావాళ్ళందరినీ 90 రోజుల్లో దేశం వదలమన్నాడు. 1986లో ముసెవెని అధ్యక్షుడిగా వచ్చాక కొన్నాళ్ళకి చాలామంది తిరిగొచ్చి ఆస్తులు వెనక్కి తీసుకున్నారు. 2007లో మబీర అడవిని భారత సంతతివాళ్ళ చక్కెర కంపెనీకి ఇవ్వబోతే జరిగిన అల్లర్లలో ఒక భారతీయుణ్ణి చంపేశారు కూడా. ఇది భయపడమని చెప్పడం లేదు, నేను రాత్రి తొమ్మిదికి కూడా పనికి వెళ్ళొస్తుంటాను. కానీ మనవాళ్ళు కొందరు పనివాళ్ళతో మాట్లాడే తీరు చూస్తే నాకే సిగ్గేస్తుంది. ఇక్కడ పలకరింపు లేకుండా పని మాట ఎత్తడం అమర్యాద. ముందు "ఎలా ఉన్నారు" అని అడుగు, మగవాళ్ళయితే "సెబో", ఆడవాళ్ళయితే "న్యాబో" అని పిలువు, ఆ తర్వాత పని చెప్పు. గార్డు దగ్గర్నుంచి బ్యాంకు ఆఫీసర్ దాకా ఇదే పద్ధతి.

సూర్యాపేట నుంచి

అక్కా, అన్నలూ, చాలా థ్యాంక్స్. ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. పర్మిట్ అప్రూవల్ వచ్చాకే టికెట్ అని కంపెనీకి మెయిల్ పెట్టాను. కొంచెం గొణిగి, సరే అన్నారు. ముందు నేనొక్కణ్ణే వస్తాను. అమ్మని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నాను. ఇంకో డౌట్: డబ్బు ఎలా తేవాలి, రూపాయలు మారుతాయా?

జింజా నుంచి

రూపాయలు నమ్ముకోకు. డాలర్లు తెచ్చుకో, అదీ వందల నోట్లే, 2009 తర్వాత ముద్రించినవి. పాతవైనా, చిరిగినా, పెన్ను గీత ఉన్నా తీసుకోరు లేదా రేటు తగ్గిస్తారు. పది, ఇరవై డాలర్ల నోట్లకీ తక్కువ రేటే ఇస్తారు. హైదరాబాద్‌లో ఫారెక్స్‌వాడు నోట్లు ఇచ్చేటప్పుడు ఒక్కొక్కటీ తిప్పి చూసుకో. మొదటి నెలకి సరిపడా చాలు. ఎంటెబెలో దిగగానే పాస్‌పోర్ట్ చూపించి సిమ్ తీసుకో, మొబైల్ మనీ అప్పుడే ఆన్ చేయించుకో, కూరగాయల దగ్గర్నుంచి కరెంటు బిల్లు దాకా దాంతోనే కడతాం. ఇండియాలో సేవింగ్స్ అకౌంట్ ఉంటే ఎన్‌ఆర్‌ఓ (విదేశాల్లో ఉండేవాళ్ళ ఖాతా) కింద మార్పించడం మర్చిపోకు.

టికెట్ ఖాయమయ్యాక ఫ్లైట్ నంబర్ ఇక్కడ పెట్టు. ఎయిర్‌పోర్టు నుంచి కంపాలా నలభై కిలోమీటర్లు, కంపెనీ కారు పంపకపోతే మాలో ఎవరో ఒకరు వస్తాం.