బ్లాకా, చార్జా? కొత్త రిఫరీకి తీర్పు ఎప్పుడు కుదురుతుంది?

కొత్త_విజిల్: స్కూల్, కాలేజీ బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లకి ఈమధ్యే రిఫరీగా వెళ్తున్నా. రూల్స్ వచ్చు. చిక్కల్లా డ్రైవ్ దగ్గరే: అటాకర్ బంతితో బాస్కెట్ వైపు దూసుకెళ్లి డిఫెండర్‌ని గుద్దితే, తప్పు డిఫెండర్‌దా (బ్లాక్), అటాకర్‌దా (చార్జ్)? తేల్చుకునేలోపు రెండు బెంచీలూ లేస్తాయి. "అక్కడ ఇచ్చారు, ఇక్కడెందుకివ్వరు సార్?" అంటారు. మీకెలా అలవాటైంది?

బేస్‌లైన్_బాబాయ్: ముందు బంతి మీంచి చూపు తీసి డిఫెండర్‌ని చూడండి. రెండు కాళ్లూ నేల మీద ఉంచి, అటాకర్‌కి ఎదురుగా ముందే చోటు పట్టాడా? పడితే తర్వాత పక్కకో వెనక్కో జరగొచ్చు, ఛాతీకి తగిలితే చార్జే. కదిలితే బ్లాక్ అన్నది గ్యాలరీ రూల్, అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబాది కాదు. అటాకర్ గాల్లోకి లేచాక దారికి అడ్డొస్తే మాత్రం బ్లాక్. బాస్కెట్ కింద 1.25 మీటర్ల నో-చార్జ్ అర్ధవృత్తం కూడా గుర్తుంచుకోండి, అందులో నిలబడ్డ డిఫెండర్‌కి చార్జ్ ఇవ్వరు. మన సిమెంట్ కోర్టుల్లో సగం చోట్ల ఆ గీత చెరిగిపోయి ఉంటుంది, మ్యాచ్‌కి ముందే చూసుకోవాలి.

పీఈటీ_మేడమ్: నాకు కాల్ కన్నా పార్ట్‌నర్‌తోనే ఇబ్బంది అండీ. డ్రిబుల్ చేసేవాడి నడుము మీద చెయ్యి ఆనించి ఉంచితే నేను ఊదుతా, ఆయన వదిలేస్తారు. పిల్లలు అయోమయంలో పడతారు. ఇప్పుడు టాస్‌కి ముందే మాట్లాడుకుంటున్నాం. మొదటి క్వార్టర్‌లో రెండుసార్లు ఇస్తే చాలు, చేతులు వాటంతటవే వెనక్కెళ్తాయి.

మూడో_కన్ను: టాస్ ఎక్కడిది మేడమ్, బంతి పైకి విసిరి మొదలుపెట్టే జంప్ బాల్ కదా :) తగిలిన ప్రతిదానికీ ఊదకండి. తగలడం వల్ల అటాకర్ వేగమో బ్యాలెన్సో పోయిందా అన్నదే నేను చూస్తా. లేఅప్ (బాస్కెట్ దగ్గరికెళ్లి వేసే షాట్) శుభ్రంగా పడితే చిన్న తగులుడు వదిలేస్తా, రెండో వైపూ అంతే.

కొత్త_విజిల్: ఒకే క్వార్టర్‌లో ఒక టీమ్‌కి నాలుగు ఫౌల్స్, రెండోదానికి ఒకటే ఉంటే? ఐదోది ఇస్తే ఎదుటివాళ్లకి రెండు ఫ్రీ త్రోలు (అడ్డులేని షాట్లు). టెన్షన్‌గా ఉంటుంది.

బేస్‌లైన్_బాబాయ్: ఉండనివ్వండి. ఒకరు ఫుల్ కోర్ట్ ప్రెస్ (కోర్టంతా మీదపడి అడ్డుకోవడం) ఆడుతూ, రెండోవాళ్లు జోన్‌లో (తమ బాస్కెట్ దగ్గర ఎవరి చోటు వాళ్లు కాస్తూ) కూర్చుంటే లెక్క ఎలా సమానమవుతుంది? సరిపెట్టడానికి ఇచ్చే కాల్‌ని పదమూడేళ్ల పిల్లాడు కూడా పసిగడతాడు.

పీఈటీ_మేడమ్: కోచ్ మర్యాదగా అడిగితే ఒక్క ముక్కలో చెప్పండి. "మీ వాడు లేటుగా వచ్చాడు సార్" అంటే సగంమంది కూర్చుంటారు. మిగతా సగం ఏం చెప్పినా కూర్చోరు.

కొత్త_విజిల్: ఆదివారం అండర్-14 ఉంది. హ్యాండ్ చెక్ (ఆ నడుము మీద చెయ్యి) సంగతి పార్ట్‌నర్‌తో ముందే తేల్చుకుంటా.