20 నెలల బిడ్డకు బ్యాంకాక్‌లో ఏం పెట్టాలి: ఇంటి ఉగ్గా, అక్కడి జావా?

పర్లాకిమిడి కోడలు:
వచ్చే నెలలో మేము ఐదు రోజుల కోసం విశాఖ నుంచి బ్యాంకాక్‌కు వెళ్తున్నాము. మా వాడికి 20 నెలలు. ఉగ్గుపొడి, పెసరపప్పు, పాత బియ్యంతోపాటు చిన్న కరెంటు కుక్కరును కూడా పెట్టెలో సర్దమని మా అత్తగారు పట్టుబడుతున్నారు. పరాయి దేశంలో పసివాడి నోట బయటి ముద్ద పెట్టడం ఆవిడకు సుతరామూ ఇష్టం లేదు. మా వారేమో అక్కడా అన్నమే తింటారు కదా, వాళ్ల పిల్లలు పెరగడం లేదా అని కొట్టిపారేస్తున్నారు. పసిపిల్లలతో వెళ్లివచ్చినవారు కారణాలతో సహా చెప్పగలరని ఆశిస్తున్నాను.

రాయగడ వాసి:
అత్తగారి మాటే వినండి. పప్పన్నం, చోడి (రాగి) జావ తప్ప ఎరుగని పిల్లవాడికి ఐదు రోజుల్లో కొత్త రుచులు నేర్పవలసిన అవసరమేమీ లేదు. కారం సంగతి అందరూ అడుగుతారు గానీ ఉప్పు సంగతి ఎవరూ అడగరు. ఏడాది నుంచి మూడేళ్ల లోపు పిల్లలకు రోజు మొత్తం మీద 2 గ్రాముల ఉప్పు మించకూడదని బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ చెబుతుంది. థాయ్ వంటలో ఉప్పుకు బదులుగా వేసే నామ్ ప్లా అనే చేపల సాస్ ఒక్క టీస్పూను పడితే అందులోనే గ్రాముకు పైగా ఉప్పు ఉంటుంది. మూడు పూటలా బయట తినిపిస్తే లెక్క ఎక్కడికి పోతుందో మీరే చూసుకోండి.

గుణుపురం తాత:
అమ్మా, నేను మీ అత్తగారి పక్షాన బయలుదేరి, మీ వారి పక్షాన తిరిగివచ్చినవాణ్ని కనుక కొంచెం వివరంగా రాస్తాను.

మా మనవరాలికి 22 నెలలప్పుడు మేము అదే దారిన వెళ్లాము. సాయంత్రం 5 గంటలకు మా ఆవిడ మెత్తగా పప్పన్నం కలిపి, నెయ్యి వేసి, హాట్‌బాక్సులో పెట్టింది. కారులో విశాఖ చేరడం, విమానాశ్రయంలో కూర్చోవడం, రాత్రి ప్రయాణం, అక్కడి వరుసలో నిలబడడం అన్నీ అయ్యేసరికి తెల్లవారింది. హోటల్ గదిలో మూత తీస్తే అన్నం ఇంకా గోరువెచ్చగానే ఉంది. వేడి నిలిచిందని మురిసిపోయి, ముద్దలు చేసి పెట్టాము. మూడు గంటలు తిరక్కుండానే పిల్ల వాంతులు మొదలుపెట్టింది. అక్కడి వైద్యుడు ఏం తిన్నదని కాక, అన్నం ఎన్ని గంటలకు వండారని ముందుగా అడిగాడు.

బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉంటాయి. అన్నం ఉడికినా అవి చావవు. అన్నం గంటల తరబడి గోరువెచ్చగా ఉంటే అవి మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి, ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. వండిన ఆహారాన్ని రెండు గంటలకు మించి బయట ఉంచవద్దని, వేడిగా ఉంచదలిస్తే 60 డిగ్రీలకు పైన ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అనేది ఇందుకే. మా హాట్‌బాక్సు వాటిని పొదిగినట్టయింది.

ఆ మర్నాడు ఉదయం మా అల్లుడు వీధి చివర బండి దగ్గర నుంచి జోక్ అనే జావ తెచ్చాడు. నూకలను మెతుకు కనబడనంతగా ఉడికించి, మా కళ్లెదుటే పొగలు కక్కుతుండగా గిన్నెలో పోశాడు ఆ బండివాడు. అల్లం, ఉల్లికాడలు, మాంసం వద్దని చేత్తో సైగ చేసి, గుడ్డు మాత్రం అందులో వేయించుకున్నాము. మన ఇంట్లో జ్వరం వచ్చినవాళ్లకు కాచే నూకల జావకూ దానికీ తేడా నాకైతే తెలియలేదు. పిల్ల సగం గిన్నె తాగింది.

అయినా మన సరిహద్దు ఊళ్లలో పిల్లలకు పక్కింటి ముద్ద కొత్తా? 1936లో ఒడిశాను వేరుచేస్తూ గీత గీసిన నాటి నుంచి ఒక గడపలో పప్పుచారు, పక్క గడపలో ఒడియావాళ్ల కూరగాయల పప్పు దాల్మా తింటూనే పెరుగుతున్నారు. మా మనవరాలు ఎదురింటివాళ్ల పఖాళ (చద్దన్నం) నీళ్లు తాగి వచ్చి మూతి తుడుచుకునేది.

మరొక మాట. ఓఆర్ఎస్ పొట్లాలు ఇక్కడి నుంచే తీసుకువెళ్లండి. లీటరు పొట్లాన్ని కాచి చల్లార్చిన లీటరు నీటిలో మొత్తం ఒకేసారి కలపాలి. సగం పొడి గ్లాసులో వేసి కలిపితే అది చిక్కనై బిడ్డకు హాని చేస్తుంది. వాంతి అయ్యాక పది నిమిషాలు ఆగి, చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. మేము గదిలోని కెటిల్‌తోనే నెట్టుకొచ్చాము.

బరంపురం అమ్మ:
గుణుపురం బాబాయిగారు మాంసం ముక్కలు వద్దన్నారు సరే, జోక్ ఉడికే నీరే తరచుగా పంది ఎముకల రసం. పట్టింపు ఉన్నవారు ఆ సంగతి తెలుసుకుని తినిపించాలి. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలతో ‘జే’ అని రాసి ఉన్న చోట మాంసం, గుడ్డు, చేపల సాస్ ఏవీ వాడరు. వెల్లుల్లి కూడా వేయరు. మిగతా చోట్ల ‘మై ఫెట్’ అంటే కారం వద్దని అర్థం, అయినా తల్లి ఒక చెంచా రుచి చూశాకే బిడ్డకు పెట్టాలి.

నాకు ఉప్పు కంటే, రసం కంటే పెద్ద బెంగ వేరుశెనగ. అక్కడ నూడుల్స్ మీద, సలాడ్ల మీద పలుకులు చల్లుతారు. ఐదేళ్ల లోపు పిల్లలకు పలుకులు గొంతుకు అడ్డం పడతాయి. పడని సరుకు ఏదైనా ఉంటే అది బయటపడే మొదటిసారి పరాయి ఊళ్లో కాకూడదు. గుడ్డు, వేరుశెనగ పొడి, చేప మీరు తినేవారైతే, ఇప్పటి నుంచే ఒక్కొక్కటిగా, నాలుగేసి రోజుల తేడాతో ఇంటి దగ్గరే అలవాటు చేయండి.

రాయగడ వాసి:
గుణుపురం వారి అనుభవం నా మాటకే బలం చేకూరుస్తున్నది. అన్నం చెడింది ఇంటి వంట కావడం వల్ల కాదు, మోసుకుపోవడం వల్ల. నేను అక్కడ అప్పటికప్పుడు వండి పెట్టమంటున్నాను. కుక్కరు ఉన్నది అందుకే.

గుణుపురం తాత:
ఒప్పుకుంటాను. అయితే చాలా హోటళ్లు గదిలో వంట చేయనివ్వవు, పొగకు అలారం మోగితే ఆ గోల వేరు. ఇక కెటిల్ నీళ్లు పోసి ఉగ్గు కలుపుదామంటే, వేయించిన బియ్యప్పొడి అయినా పొయ్యి మీద ఉడకాలి గానీ వేడినీళ్లకు పచ్చివాసన పోదు. దానికి బదులు అటుకులు, పుట్నాలపప్పు దోరగా వేయించి మెత్తగా పొడి కొట్టుకు వెళ్లండి. అటుకులు ముందే ఉడికినవి, పుట్నాలు ముందే వేగినవి, కాబట్టి మరిగిన నీళ్లు పోసి ఐదు నిమిషాలు మూత పెడితే చాలు. అక్కడి అరటిపండు మీ చేత్తోనే ఒలిచి అందులో మెదపండి. ఉప్పు లెక్క కూడా మీ చేతిలోనే ఉంటుంది. నా మాట మధ్యాహ్నపు పూటకు ఉంచుకోండి: అప్పుడే వండిన తెల్లన్నం, ఉడికించిన గుడ్డు ఎక్కడైనా దొరుకుతాయి.

పర్లాకిమిడి కోడలు:
అందరికీ ధన్యవాదాలు. మీరు రాసినవన్నీ మా అత్తగారికి చదివి వినిపించాను. హాట్‌బాక్సు మాట దగ్గర ఆవిడ రెండోసారి చదవమన్నారు. కుక్కరు పెట్టెలోంచి బయటికి వచ్చింది. ఇది రాస్తున్నంతసేపూ వంటింట్లోంచి అటుకులు వేగుతున్న వాసన వస్తూనే ఉంది. ఐదు రోజులకు ఎంత పొడి కావాలో మాత్రం ఆవిడా, మా వారూ ఇంకా తేల్చుకోలేదు.