పెన్‌డ్రైవ్ పెట్టెను విదేశాలకు పంపుతుంటే కస్టమ్స్ ఫారంలో ఏం రాయాలి?

కోడ్‌పిట్ట:
నేనొక్కడినే తయారుచేసిన మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ అమ్ముతున్నాను. డౌన్‌లోడ్ అమ్మకాలతో ఇబ్బంది లేదు, పన్ను సంగతి ప్లాట్‌ఫామే చూసుకుంటుంది. ఇప్పుడు కొందరు పెన్‌డ్రైవ్, అచ్చు మాన్యువల్ ఉన్న పెట్టె కావాలంటున్నారు. ఆర్డర్లు జర్మనీ, బ్రిటన్, అమెరికా నుంచి. ఆ పెట్టె డిజైన్ నేనే గీశాను, చేతికి అందగానే వాళ్లు సంతోషపడాలి. పోస్ట్‌మ్యాన్ వచ్చి పన్ను కట్టమంటే ఆ సంతోషం ఉంటుందా? విలువ దగ్గర ఎవరి ధర వేయాలి, పెన్‌డ్రైవ్‌దా, సాఫ్ట్‌వేర్‌దా?

పార్శిల్‌దారి:
కస్టమర్ మీకు కట్టిన ధరే వేయండి. ఖాళీ పెన్‌డ్రైవ్ ధర వేసినా, ‘గిఫ్ట్’ దగ్గర టిక్ పెట్టినా అది తప్పుడు డిక్లరేషనే. పార్శిల్ ఆగిపోతే కస్టమర్‌కు జవాబు చెప్పుకోవాల్సింది మీరే. ఇన్వాయిస్ కాపీ కూడా పెట్టండి.

చిన్న ప్యాకెట్లకు మామూలుగా సీఎన్ 22 ఫారం సరిపోతుంది. వివరణలో ఒట్టి ‘సాఫ్ట్‌వేర్’ అంటే లోపల ఉన్న వస్తువేమిటో తెలియదు. ‘మ్యూజిక్ ప్రోగ్రామ్ ఉన్న యూఎస్‌బీ పెన్‌డ్రైవ్, అచ్చు మాన్యువల్’ అని రాయండి. పెన్‌డ్రైవ్‌కు హెచ్‌ఎస్ కోడ్ (సరుకు రకాన్ని చెప్పే అంతర్జాతీయ కస్టమ్స్ సంఖ్య) 8523.51.

యూరోపియన్ యూనియన్‌లో 2021 జూలై 1 నుంచి ఎంత చిన్న ఆర్డర్‌కైనా వ్యాట్ ఉంది. సరుకు విలువ 150 యూరోలు దాటకపోతే ఐఓఎస్ఎస్ (బయటి నుంచి వచ్చే చిన్న ఆర్డర్లకు అమ్మకందారే వ్యాట్ వసూలు చేసి కట్టే ఈయూ ఏర్పాటు) పద్ధతిలో చెక్అవుట్‌లోనే వసూలు చేయవచ్చు, అప్పుడు గుమ్మం దగ్గర వ్యాట్ అడగరు. ఐఓఎస్ఎస్‌లో నమోదైతే వచ్చే నంబరును పెట్టె మీద రాయకండి, పోస్టాఫీసుకో కొరియర్‌కో ఇచ్చే ఎలక్ట్రానిక్ డేటాలో వెళ్లాలి. బ్రిటన్‌కు 135 పౌండ్ల వరకు అమ్మేటప్పుడే వ్యాట్ తీసుకోవాలి. అమెరికా 800 డాలర్ల వరకు ఉన్న సుంకం మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి నిలిపేసింది. అందుకే అక్కడికి సుంకం ముందే కట్టి పంపే డీడీపీ సర్వీసు ఎంచుకోండి. ఖర్చు ఎక్కువే, అయినా షిప్పింగ్ చార్జీలో కలిపి ముందే చూపించడం మర్యాద.

రాత్రిషిఫ్ట్:
డబ్బు అందగానే డౌన్‌లోడ్ లింకు, లైసెన్స్ కీ మెయిల్ చేసేయండి అన్నా. పెట్టె దారిలో ఉన్నా వాళ్లు ఆ రోజే పాట కట్టుకోవచ్చు. నేను అదే చేస్తాను, ‘ఎక్కడిదాకా వచ్చింది’ అనే మెయిళ్లు బాగా తగ్గాయి. ట్రాకింగ్ లేకుండా మాత్రం పంపకండి.

కోడ్‌పిట్ట:
ఇద్దరికీ థాంక్స్ అండీ. ఐఓఎస్ఎస్‌కు నేనే నమోదు కావాలా?

పార్శిల్‌దారి:
మార్కెట్‌ప్లేస్ ద్వారా అమ్మితే అక్కర్లేదు, వ్యాట్ వాళ్లే వసూలు చేసి వాళ్ల నంబరు ఇస్తారు. సొంత సైట్ అయితే, ఈయూ బయటి అమ్మకందారులు చాలావరకు అక్కడి మధ్యవర్తి ద్వారానే నమోదు కావాలి. వాళ్ల ఫీజు కనుక్కున్నాకే పెట్టె ధర ఖాయం చేయండి.