మేరీ క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్క్: సంతకం పెట్టేముందు ఏం అడగాలి?

ఎక్సాన్_హైద్:
మేరీ క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్క్ (ఈయూ డబ్బుతో పలు దేశాల సంస్థలు కలిసి నడిపే పీహెచ్‌డీ కార్యక్రమం)లో జర్మనీ పొజిషన్‌కి ఆఫర్ వచ్చింది. కేన్సర్ రోగుల ప్లాస్మాలో తిరిగే కణితి డీఎన్‌ఏ మీద మెషీన్ లెర్నింగ్. నెదర్లాండ్స్ ఆస్పత్రిలో 4 నెలలు, డెన్మార్క్ కంపెనీలో 5 నెలలు సెకండ్‌మెంట్ (తాత్కాలికంగా అక్కడికెళ్లి పనిచేయడం). నాది ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ, కోడింగ్ ఓ మోస్తరు. ప్రకటనలో నెలకి 3,400 యూరోలు అని ఉంది. అంతా చేతికొస్తుందా? ఇంకా ఏం చూసుకోవాలి?

ప్లాస్మాపురం:
రాదండీ. 3,400ని ముందు ఆ దేశపు గుణకంతో (జీవన వ్యయాన్ని బట్టి ఈయూ పెట్టే సంఖ్య) హెచ్చిస్తారు, దానికి మొబిలిటీ అలవెన్స్ (వేరే దేశం వెళ్లినందుకిచ్చే భత్యం) 600 కలుపుతారు. ఇవి 2024 దాకా వచ్చిన కాల్స్‌లోని అంకెలు. కానీ అది యజమానికి అయ్యే మొత్తం ఖర్చు. యజమాని కట్టాల్సిన సామాజిక బీమా వాటా కూడా అందులోంచే పోతుంది, జర్మనీలో అది గ్రాస్ (కోతలకి ముందు) జీతంలో దాదాపు ఐదో వంతు. ఆ తర్వాతే మీ పన్ను, మీ బీమా. పెళ్లి కాని వాళ్లకి అటూ ఇటూగా 2,100–2,200 మిగులుతుంది. పెళ్లయితే ఫ్యామిలీ అలవెన్స్ అడగండి.

అర్హత కూడా సరిచూసుకోండి: చేరే తేదీకి ముందు 36 నెలల్లో జర్మనీలో 12 నెలలకి మించి ఉండకూడదు. ఈ నిబంధన ఉద్యోగమిచ్చే దేశానికే, సెకండ్‌మెంట్ దేశాలకి కాదు.

రెండో_గైడు:
జీతం కన్నా ముఖ్యమైనది 37వ నెల. నెట్‌వర్క్ డబ్బు 36 నెలలకి ఆగుతుంది, జర్మనీలో బయోమెడికల్ థీసిస్ చాలాసార్లు అంతలో తేలదు. మిగతా కాలానికి ఏ గ్రాంట్ నుంచి ఇస్తారో మెయిల్‌లో రాయించుకోండి. "చూద్దాంలే" అన్నారంటే డబ్బు లేదనే అనుకోండి.

ఉద్యోగ కాంట్రాక్టు, పీహెచ్‌డీ ప్రవేశం రెండూ వేరు. ల్యాబ్ వైద్య ఫ్యాకల్టీలో ఉంటే మీకు ఏ ఫ్యాకల్టీ, ఏ డిగ్రీ ఇస్తుందో, మీ గైడ్‌కి అక్కడ పరీక్షకుడిగా ఉండే హక్కుందో లేదో ముందే తేల్చుకోవాలి. మొదటి నెలల్లోనే రిజిస్ట్రేషన్ పూర్తిచేయండి.

వీసా సంగతి: హోస్టింగ్ ఒప్పందంతో (పరిశోధన సంస్థ మీతో చేసుకునేది) "పరిశోధకుల" పర్మిటే తీసుకోండి. దానితో నెదర్లాండ్స్‌లో 360 రోజుల్లో 180 రోజుల దాకా పనిచేయొచ్చు. అక్కడి ఆస్పత్రి ముందుగా నోటిఫికేషన్ ఇస్తే చాలు. ఈ వెసులుబాటు ఇచ్చే ఈయూ నిబంధనలో డెన్మార్క్ లేదు, అక్కడికి విడిగా వర్క్ పర్మిట్ కావాలి. దాన్ని చివరి నిమిషానికి వదిలేస్తే 5 నెలల సెకండ్‌మెంట్ 2 నెలలకి కుదించుకుపోతుంది.

మైనస్80:
పైవన్నీ కాగితాలు. అసలు ప్రమాదం నమూనాల్లో ఉంది. నమూనాలిచ్చే ఆస్పత్రులు రక్తం ఏ ట్యూబులో తీస్తున్నాయో అడగండి. హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు) ట్యూబైతే పీసీఆర్‌ని, అంటే డీఎన్‌ఏకి కాపీలు తీసే పద్ధతిని, అడ్డుకుంటుంది. ఈడీటీఏ (గడ్డకట్టకుండా ఆపే ఇంకో రసాయనం) అయితే కొద్ది గంటల్లోనే సెంట్రిఫ్యూజ్ చేసి (వేగంగా తిప్పి) ప్లాస్మాని వేరుచేయాలి. ఆలస్యమైతే తెల్ల రక్తకణాలు పగిలి వాటి డీఎన్‌ఏ ప్లాస్మాలో కలుస్తుంది, కణితి డీఎన్‌ఏ శాతం పడిపోతుంది. వార్డు నుంచి ల్యాబ్ దూరమైతే కణాలు పగలకుండా ఉంచే ప్రత్యేక ట్యూబులు వాడాలి, ఖరీదెక్కువైనా సరే.

అంతకన్నా దారుణం: రోగులంతా ఒక కేంద్రం నుంచి, ఆరోగ్యవంతులంతా ఇంకో కేంద్రం నుంచి రావడం. అప్పుడు మీ మోడల్ నేర్చుకునేది కేన్సర్‌ని కాదు, ఆస్పత్రిని. బ్యాచ్ సవరణ (విడతల మధ్య తేడాల్ని సరిచేసే) సాఫ్ట్‌వేర్ ఏదీ దీన్ని బాగుచేయలేదు. ప్రతి కేంద్రం నుంచీ రెండు గుంపులూ ఉండాలి, ప్రతి సీక్వెన్సింగ్ ప్లేటులో (డీఎన్‌ఏ చదవడానికి నమూనాలు కలిపి పెట్టే పలక) రెండు కేంద్రాల నమూనాలూ కలవాలి.

ఇక మెటీరియల్ ట్రాన్స్‌ఫర్ ఒప్పందం, అంటే నమూనాలు ఒక సంస్థ నుంచి ఇంకో సంస్థకి పంపే కాగితం. మూడు సంస్థల న్యాయవిభాగాల చుట్టూ తిరిగొచ్చేసరికి నెలలు పడుతుంది. రోగుల సమ్మతి పత్రంలో "కంపెనీతో పంచుకోవచ్చు" అన్న మాట లేకపోతే డెన్మార్క్ భాగం అక్కడే ఆగిపోతుంది. పేర్లు తీసేసి కోడ్ పెట్టినంత మాత్రాన సరిపోదు, జీడీపీఆర్ (ఈయూ డేటా రక్షణ చట్టం) లెక్కలో సాధారణంగా అది ఇంకా వ్యక్తిగత డేటాయే.

ఎక్సాన్_హైద్:
ఒప్పందం తేలేలోపు ఖాళీగా ఉండాలా? కోడింగ్ మాటేమిటి?

రెండో_గైడు:
ఆ వ్యవధి కోడింగ్‌కే. బహిరంగంగా దొరికే డేటాతో పైప్‌లైన్ మొత్తం కట్టేయండి: రీడ్ల (యంత్రం చదివిన డీఎన్‌ఏ వరసల) నాణ్యత, అలైన్‌మెంట్ (వాటిని జీనోమ్‌లో సరైన చోట అమర్చడం), డీఎన్‌ఏ ముక్కల పొడవు, మోడల్. పరీక్షించేటప్పుడు ఒక కేంద్రం డేటాని పూర్తిగా పక్కన పెట్టి, మోడల్ దాని మీద పనిచేస్తుందో లేదో చూడండి. నెలకోసారి ఇద్దరు గైడ్లనీ ఒకే మీటింగులో కూర్చోబెట్టండి, విడివిడిగా కలిస్తే బయాలజిస్టు ఒక థీసిస్, కంప్యూటర్ ఆయన ఇంకో థీసిస్ అడుగుతారు.

మైనస్80:
డెన్మార్క్ కంపెనీతో ప్రచురణ షరతు కూడా చూడండి. పేటెంట్ కోసం పేపర్ ఆపే గడువు ఎన్ని రోజులో కాగితం మీద ఉండాలి.