అప్‌డేట్: పాత టర్బో అమ్ముడైంది, షాఫ్ట్ ప్లే (లోపలి ఇరుసు కదలిక) సంగతీ తేలింది

ప్రాజెక్ట్ కారు (సొంతంగా మార్పులు చేసుకుంటూ వచ్చిన కారు) ఇచ్చేశాక మిగిలిన టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం), ఇంజెక్టర్లు (ఇంధనం చిమ్మేవి), కాయిలోవర్లు (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన సస్పెన్షన్ భాగాలు) ఎలా అమ్మాలని అడిగాను కదా. టర్బో చూసినవాళ్లంతా "షాఫ్ట్ ఊగుతోంది, లోపల ఆయిల్ ఉంది" అని వెనక్కి తగ్గడమే అసలు చిక్కు. ఇప్పుడు అన్నీ అమ్ముడయ్యాయి. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పనిచేసింది టర్బో రీబిల్డర్ దగ్గర డయల్ గేజ్‌తో (చిన్న కదలికల్ని కొలిచే ముల్లు మీటరు) షాఫ్ట్ కదలికను కొలిపించమన్న సలహా. జర్నల్ బేరింగ్ (బాల్స్ లేకుండా ఆయిల్ పొర మీద షాఫ్ట్ తిరిగే రకం) టర్బోలో ఆయిల్ లేనప్పుడు షాఫ్ట్ పక్కలకు కాస్త కదలడం మామూలేనట; ఇంజిన్ నడిచేటప్పుడు ఆ ఖాళీని ఆయిల్ పొర నింపుతుంది. ముందుకీ వెనక్కీ కదలిక చేతికి బాగా తెలుస్తుంటే మాత్రం థ్రస్ట్ బేరింగ్‌ను (షాఫ్ట్ ముందుకీ వెనక్కీ జరగకుండా ఆపేది) అనుమానించాలి. నా టర్బోలో అది కంపెనీ చెప్పిన పరిమితిలోనే ఉంది, రెక్కలు హౌసింగ్‌కి రాసుకున్న గీతలూ లేవు. కంప్రెసర్ మూతి దగ్గరి జిడ్డు సీల్ లీక్ కాదు, క్రాంక్‌కేస్ బ్రీదర్ పైపు (ఇంజిన్ అడుగు భాగంలోని ఆవిరిని బయటికి పంపే గొట్టం) నుంచి వచ్చింది. కొలతల కాగితం, రెక్కల అంచుల దగ్గరి ఫొటోలు పెట్టాక ఆ అనుమానాలు మళ్లీ రాలేదు.

ఇంజెక్టర్లకు ఫ్లో టెస్ట్ షీట్ (ఒక్కోటి ఎంత ఇంధనం చిమ్ముతుందో కొలిచిన కాగితం), కాయిలోవర్లకు స్ప్రింగ్ రేటు (స్ప్రింగు ఎంత గట్టిదో చెప్పే అంకె), సరిపోయే కారు మోడల్ రాస్తే సరిపోయింది.

అక్కర్లేనిది టర్బోకి బ్లాస్టింగ్ (ఇసుకలాంటి రేణువులు వేగంగా చిమ్మి శుభ్రం చేయడం) చేయించి మెరిపించడం. ఒక్క రేణువు ఆయిల్ దారిలో చిక్కినా బేరింగ్ గీసుకుపోతుంది. పార్సిల్‌కి ముందు ఆయిల్ పూర్తిగా కారనిచ్చి రంధ్రాలకు ప్లాస్టిక్ మూతలు పెట్టండి. గుడ్డ కుక్కితే పోగులు లోపలే ఉండిపోతాయి.