‘జీవపు మూట’: హీబ్రూ సమాధిరాయి మీది చివరి అయిదు అక్షరాలు

ప్రశ్న: నాతో పనిచేసే యూదు మిత్రుడొకరు తమ వంశవృక్షం కూర్చుకుంటూ, ముత్తాతగారి సమాధిరాయి ఫొటో పంపించారు. అందులోని హీబ్రూను సరదాగా తెలుగు చేయబోయి చివరి పంక్తి దగ్గర ఆగిపోయాను. అక్కడ తావ్, నూన్, త్సాదీ, బేత్, హే అనే అయిదు అక్షరాలు మాత్రమే ఉన్నాయి. ‘ఆత్మకు శాంతి కలుగుగాక’ అని రాస్తే సరిపోతుందా?

సమాధానం: సరిపోదనే నా అభిప్రాయం. ఆ అయిదూ ‘తెహే నఫ్షో త్స్రూరా బిత్స్రోర్ హ-హయ్యీమ్’, అంటే ‘అతని ప్రాణం జీవపు మూటలో కట్టబడి ఉండుగాక’ అనే వాక్యంలోని అయిదు మాటల తొలి అక్షరాలు. బైబిల్లోని మొదటి సమూయేలు గ్రంథం 25వ అధ్యాయం 29వ వచనంలో అబీగయీలు దావీదుతో పలికిన మాటలు దీనికి మూలం. ‘త్స్రోర్’ అంటే మూట. ఆదికాండంలో యోసేపు సోదరుల గోనెల్లో బయటపడిన డబ్బు మూటకు వాడినదీ ఈ మాటే. తెలుగు బైబిల్ అనువాదకులు సమూయేలు వచనంలో ‘జీవపు మూట’ అన్నారు. అదే వచనం రెండో సగంలో శత్రువుల ప్రాణాలను వడిసెలలోని రాయిలా విసరివేయడం ఉంది కనుక, ఒకవైపు పదిలంగా కట్టి దాచుకున్న మూట, మరొకవైపు ఎక్కడ పడుతుందో తెలియని రాయి, ఈ రెండింటి ఎదురుబొదురులోనే మాటకు బలం వచ్చింది. ‘శాంతి’ అనగానే ఆ మూటా పోతుంది, ఆ రాయీ పోతుంది.

ఇంకొక మాట. వంశచరిత్ర వెతికేవారికి ఈ పంక్తి చెప్పేది దాదాపు ఏమీ లేదు, ఎందుకంటే ఇది లెక్కలేనన్ని రాళ్ల మీద ఉంటుంది. ‘నఫ్షో’ అంటే అతని ప్రాణం, ‘నఫ్షా’ అంటే ఆమె ప్రాణం. అక్షరాలుగా కుదించినప్పుడు ఆ తేడా కూడా చెరిగిపోతుంది. ‘ఈష్ తామ్ వెయాషార్’ వంటి పొగడ్తలూ అంతే. అది యోబు గ్రంథం మొదటి వచనంలోని వర్ణనకు ప్రతిధ్వని. మన బైబిల్లో యథార్థవర్తనుడు, న్యాయవంతుడు అని ఉంటుంది. దాన్ని ముత్తాతగారి స్వభావానికి సాక్ష్యంగా తీసుకోవడం, పెళ్లి శుభలేఖలోని ‘చిరంజీవి’ని చూసి వరుడి ఆయుర్దాయం లెక్కగట్టడం వంటిది.

అసలు విలువ పై పంక్తులలో ఉంది. ‘బెన్’ అంటే కుమారుడు, ‘బత్’ అంటే కుమార్తె. ఆ తరువాత తండ్రి పేరు వస్తుంది. ఆస్ట్రియా పాలనలోని యూదులకు 1787లోనూ, ప్రష్యాలో 1812లోనూ స్థిరమైన ఇంటిపేరు ఉండాలని ప్రభుత్వాలు శాసించాయి. అంతకుముందు చాలామందికి తండ్రి పేరే గుర్తింపు కనుక, ఒక్క రాయి రెండు తరాలను చెబుతుంది, తండ్రిగారి రాయి కూడా దొరికితే మూడో తరం చేతికి వస్తుంది. మన దేశంలోనే కేరళలోని చేందమంగళంలో 1269 నాటి ఒక యూదు స్త్రీ సమాధిరాయి ఉంది. ఆమె గురించి మనకు తెలిసినదల్లా ‘సారా బత్ ఇస్రాయేల్’ అన్నంతే, అయినా ఆమె తండ్రి పేరు ఏడు శతాబ్దాలు దాటి నిలిచింది.

తండ్రి పేరుకు ముందు రేష్ అక్షరం, పక్కన చిన్న గీత కనిపిస్తే తొందరపడవద్దని మీ మిత్రునికి చెప్పండి. అది ‘రబ్బీ’ అనుకొని, మా పూర్వీకులు మతగురువులని పొంగిపోయేవారు ఎందరో ఉన్నారు. చాలా రాళ్ల మీద అది ‘రెబ్’ మాత్రమే, అంటే మన ‘శ్రీ’ లేదా ‘గారు’.

ప్రశ్న: సంవత్సరం దగ్గర తావ్, రేష్, అయిన్, అలెఫ్ ఉన్నాయి. నెల కిస్లేవ్. తేదీ టేత్, వావ్. 1911 అని లెక్క వచ్చింది, కాని వారి ఇంటి కాగితాలలో 1910 ఉందట.

సమాధానం: కాగితాలే సరి. హీబ్రూలో అక్షరాలే అంకెలు కూడా: తావ్ 400, రేష్ 200, అయిన్ 70, అలెఫ్ 1, మొత్తం 671. అయిదు వేలను రాయకుండా వదిలేస్తారు కనుక అది యూదుల పంచాంగంలో 5671. మామూలుగా వేలు లేని ఈ చిన్న లెక్కకు 1240 కలిపి మన సంవత్సరం తెలుసుకుంటారు, మీరు చేసిందీ అదే. అయితే వారి సంవత్సరం తిష్రీ నెలతో, అంటే సెప్టెంబరు, అక్టోబరు ప్రాంతంలో మొదలవుతుంది. కిస్లేవ్ ఆ తొలి నెలలలోదే కనుక 1239 కలపాలి: 1910 డిసెంబరు. టేత్ 9, వావ్ 6, కలిపితే 15. పది, అయిదు అని రాస్తే ఆ అక్షరాలు దేవుని పేరులో భాగమవుతాయి కనుక ఇలా తప్పుకుంటారు. అక్షరాలతో అంకెలు సూచించే మన కటపయాది పద్ధతిలో అంకె విలువ స్థానాన్ని బట్టి మారుతుంది, ఇక్కడ మాత్రం కూడికే.

ఈ చర్చలోని మరొక సభ్యుని అభ్యంతరం: ‘మూట’ అంటే తెలుగులో బరువు గుర్తుకు వస్తుంది. పాపం మూటగట్టుకోవడం అంటాం. సమాధి మీద శవాన్ని మూటగట్టిన ధ్వని కూడా రావచ్చు.

సమాధానం: ఈ అభ్యంతరం న్యాయమైనదే. పుణ్యాన్ని కూడా మూటగట్టుకుంటాం కాని, సమాధిరాయి మీద ఆ అర్థం ముందు తట్టదు. ‘త్స్రూరా’, ‘త్స్రోర్’ రెండూ ఒకే ధాతువు నుంచి వచ్చినవి కనుక తెలుగులోనూ ఆ జంట నిలవాలి. విలువైనది కొంగున ముడివేసుకోవడం మన ఆడవారి అలవాటు. ‘కొంగుబంగారం’ అన్నమాట అక్కడినుంచే వచ్చిందనుకుంటాను. ‘జీవపు ముడిలో అతని ప్రాణం ముడివడి ఉండుగాక’ అని నేను రాస్తాను. ‘హయ్యీమ్’కు జీవితం, జీవించివున్నవారు అనే రెండర్థాలూ ఉన్నాయి. శ్మశానాన్నే వారు ‘బేత్ హయ్యీమ్’, జీవుల ఇల్లు, అంటారు. మన ఊళ్లలో శ్మశానవాటికలకు వైకుంఠధామం అని పేరు పెట్టినట్లే. ‘జీవపు’ అన్నది మొదటి అర్థాన్నే పట్టుకుంటుంది, రెండోది జారిపోతుంది. ఆ నష్టాన్ని ఒప్పుకుంటున్నాను.

రాయి పైభాగంలో ఏదైనా బొమ్మ ఉందా?

ప్రశ్న అడిగినవారు: నీళ్ల కూజా ఉంది.

సమాధానం: అయితే ఆయన దేవాలయ సేవకులైన లేవీయుల వంశంవారై ఉండాలి, ఎందుకంటే యాజకుల చేతులు కడగడం వారి పని. తండ్రి పేరు తరువాత ‘హ-లేవీ’ అన్న మాట ఉందేమో మరొకసారి చూడండి.