జ్ఞానదంతం తీయించుకున్నాక ఇంట్లో ఎలా చూసుకోవాలి?

మిణుగురు:
ఈ మధ్యాహ్నం కింది దవడలో అడ్డంగా పెరిగిన జ్ఞానదంతం తీశారు. ఎముక కొంచెం చెక్కి, మూడు కుట్లు వేశారు. గాజ్ గుడ్డ కొరికిపట్టమని చెప్పి పంపించారు. మూడు అనుమానాలున్నాయి. గాజ్ ఎంతసేపు ఉంచాలి, తీశాక కూడా ఎర్రగా వస్తుంటే ఏం చేయాలి? ఉప్పునీళ్లు ఇప్పుడే మొదలుపెట్టవచ్చా? గుంటలోని రక్తపు గడ్డ ఊడిపోతే డ్రై సాకెట్ అంటారు కదా, అది వచ్చిందని ఎలా తెలుస్తుంది? బీపీ, షుగర్ లేవు. రక్తం పల్చబడే మందులు వాడటం లేదు.

తెల్లకోటు:
పన్ను ఊడిన గుంటలో కట్టే రక్తపు గడ్డే మీ గాయానికి కట్టు. లోపలి ఎముకనీ, నరాల కొసల్నీ కప్పి ఉంచేది అదే. మొదటి మూడు రోజులు దాన్ని కదలనివ్వకుండా చూసుకోవడమే అసలు పని. అది చేయొద్దు, ఇది చేయొద్దు అని చెప్పేవన్నీ దాదాపుగా దానికోసమే.

గాజ్ మీద 30 నుంచి 45 నిమిషాలు పళ్లు గట్టిగా బిగించి ఉంచండి. ఆగిందో లేదోనని ఐదు నిమిషాలకోసారి తీసి చూస్తే, గాజ్‌కి అంటుకున్న గడ్డ దాంతోపాటే ఊడొచ్చి రక్తం మళ్లీ మొదలవుతుంది. చాలామంది చేసే పొరపాటు ఇదే. తీశాక ఉమ్మిలో ఎర్రజీర రేపటిదాకా కనిపిస్తుంది. ఒక్క చుక్క రక్తం నోటినిండా ఉన్న ఉమ్మిని ఎర్రగా చేస్తుంది కాబట్టి ఎక్కువ పోతున్నట్టు అనిపిస్తుంది, కంగారుపడకండి. నోరు నిండేలా కారుతుంటే మాత్రం కొత్త గాజ్ కొద్దిగా తడిపి, మందంగా మడిచి, సరిగ్గా గుంట మీద పెట్టి, కూర్చుని ఇంకో అరగంట కొరికిపట్టండి. పక్క పళ్ల మధ్య పెడితే ఒత్తిడి గుంట మీద పడదు, ఎంతసేపు పెట్టినా ఆగదు. గాజ్ అయిపోతే వేడినీళ్లలో నానబెట్టి చల్లార్చిన టీ బ్యాగ్ పనికొస్తుంది, అందులోని టానిన్ రక్తం ఆగడానికి సాయపడుతుంది. అప్పటికీ ఆగకపోతే డాక్టర్‌కి ఫోన్ చేయాల్సిందే.

ఉప్పునీళ్లు ఈరోజు వద్దు. 24 గంటలు దాటాక, గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర టీస్పూను ఉప్పు కలిపి, తిన్న ప్రతిసారీ వాడండి. రోజుకు నాలుగైదు సార్లవుతుంది. గడగడా పుక్కిలించకూడదు. నోట్లో పోసుకుని తల ఆ పక్కకీ ఈ పక్కకీ వంచి, నోరు తెరిచి సింకులోకి జారనివ్వండి. ఉమ్మడం కూడా అంతే, నోట్లోంచి ఊదినట్టు ఉమ్మితే గడ్డ కదులుతుంది. స్ట్రాతో తాగడం, సిగరెట్ కనీసం మూడు రోజులు బంద్. సిగరెట్ ఇంకా ఎక్కువ రోజులు మానగలిగితే మరీ మంచిది, ఎందుకంటే పీల్చడం ఒక్కటే కాదు, పొగ కూడా గాయాన్ని మాననివ్వదు. మిగతా పళ్లు ఈ రాత్రే మెత్తటి బ్రష్‌తో తోముకోండి, గుంట వైపు మాత్రం పోనివ్వకండి.

నెలవంక:
మందుల సంగతి. మొద్దు ఇంజెక్షన్ పని మూడు నుంచి ఐదు గంటల్లో దిగుతుంది. అది పూర్తిగా దిగకముందే మొదటి నొప్పి మాత్ర వేసుకోండి, సలుపు మొదలయ్యాక అదుపు చేయడం కష్టం. డాక్టర్ వేరే రాయకపోతే, పెద్దవాళ్లకు మామూలుగా ఐబుప్రొఫెన్ 400, పారాసిటమాల్ 500 మిల్లీగ్రాములు కలిపి ఆరు గంటలకోసారి, ఏదైనా తిన్నాకే. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, ఆస్తమా, గర్భం ఉంటే డాక్టర్‌ని అడక్కుండా ఐబుప్రొఫెన్ వద్దు. జలుబు మాత్రల్లో కూడా పారాసిటమాల్ ఉంటుంది, అన్నీ కలిపి రోజుకు 4 గ్రాములు దాటకూడదు. నొప్పికని ఆస్పిరిన్ వేసుకోకండి, రక్తం ఆగదు.

మొద్దు ఉన్నంతసేపు నమలకండి, పెదవి తెగినా తెలియదు. ఐస్ బట్టలో చుట్టి బుగ్గ మీద 20 నిమిషాలు పెట్టి, 20 నిమిషాలు తీసేయండి. ఇది మొదటి రెండు రోజులకే. రాత్రి రెండు దిళ్లు పెట్టుకుని తల ఎత్తులో ఉండేలా పడుకోండి.

మిణుగురు:
మూడో రోజు. వాపు నిన్నటికంటే పెరిగింది, నోట్లోకి రెండు వేళ్లే పడుతున్నాయి. గుంటలో తెల్లగా ఏదో పేరుకుంది. చీము పట్టిందా?

తెల్లకోటు:
వాపు 48 నుంచి 72 గంటల మధ్యే పతాకస్థాయికి చేరుతుంది, ఇక్కడినుంచి తగ్గాలి. ఇవాళ్టినుంచి ఐస్ మాని వేడి కాపడం పెట్టండి. నమిలే కండరాలు బిగుసుకోవడం వల్ల నోరు తెరుచుకోదు. మెల్లగా, లాగినట్టు అనిపించేదాకా తెరిచి, ఐదు సెకన్లు ఆపి, వదిలేయండి. రోజుకు నాలుగైదు విడతలు.

ఆ తెలుపు చీము కాకపోవచ్చు. మానుతున్న గుంట మీద ఫైబ్రిన్ (రక్తం గడ్డకట్టేటప్పుడు ఏర్పడే ప్రొటీన్) పొర తెల్లగా, పసుప్పచ్చగా, మెత్తగా ఉంటుంది. టూత్‌పిక్‌తో గీకితే మానుతున్నదాన్ని పీకేసినట్టే.

డ్రై సాకెట్ వేరు. తగ్గుతూ వచ్చిన నొప్పి మూడో రోజో నాలుగో రోజో తిరగబడుతుంది. చెవిలోకీ, కణతలోకీ పొడుస్తుంది, మాత్రలకు లొంగదు, నోట్లో పాడు వాసన. అద్దంలో చూస్తే గడ్డ ఉండాల్సిన చోట ఖాళీ గుంట, అడుగున బూడిదరంగో తెలుపో ఎముక. దీనికి యాంటీబయాటిక్ మందు కాదు. డాక్టర్ గుంట కడిగి మందు గాజ్ పెడితే సాధారణంగా కొద్దిసేపట్లోనే హాయిగా ఉంటుంది.

నెలవంక:
ఇక ఇవి కనిపిస్తే ఆగకండి: 38 డిగ్రీలు దాటిన జ్వరం, రేపటి తర్వాత కూడా పెరిగే వాపు, గుంటలోంచి కారే చీము. మింగడం కష్టమైనా, ఊపిరి ఆడకపోయినా, వాపు గొంతు కిందికి దిగినా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. కింది పెదవో నాలుకో ఇంకా మొద్దుగానే ఉంటే ఇవాళే డాక్టర్‌కి చెప్పండి, నరం సంగతి చూస్తారు. కరిగే కుట్లయితే వారం, రెండు వారాల్లో వాటంతటవే ఊడతాయి, కొస వేలాడుతున్నా లాగొద్దు. ఆహారం ఇరుక్కుంటుంటే వంకర ముక్కున్న సిరంజితో కడగాలి, కానీ వారం తర్వాత, డాక్టర్ సరేనన్నాకే.